ముందు తెల్లపులి దొరకాలి, ఆ తర్వాతే హారియర్

ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల స్కేల్ మోడళ్లు చేసే మన గుంపులో, ఓడ మీది యుద్ధ విమానం సీ హారియర్ గురించి "సీ హారియర్ కిట్ ఏది మంచిదండీ?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, అందరూ ఒకటే పాట అందుకుంటారు. "1/48లో కైనెటిక్ కొనెయ్, ఇంకేం చూడకు." అంటే అసలులో 48వ వంతు సైజులో, కైనెటిక్ కంపెనీ పెట్టె. అడిగినవాడు పాపం అప్పోసప్పో చేసి అదే తెప్పించుకుంటాడు. పెట్టె విప్పి, ఫొటో పెట్టి, లైకులు లెక్కపెట్టుకుని అటక మీద పెడతాడు. ఆ పెట్టె మళ్లీ కిందికి దిగదు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఎవరి హారియర్ చేద్దామనుకుంటున్నావు, ఏ కాలంనాటిది అని ఆ పిల్లాణ్ణి ఒక్కరూ అడగరు. అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది "మన నేవీదే అన్నా, ఐఎన్ఎస్ విరాట్ ఓడ మీద ఉండేది" అనే అంటారు. మన నేవీది అన్న మరుక్షణం లెక్క మొత్తం మారిపోతుంది. విదేశీ సమీక్షల్లో ఫస్టు వచ్చిన కిట్ మనకూ ఫస్టే కావాలని రూలేం లేదు. వాళ్లు చేస్తున్నది వాళ్ల విమానం.

అసలు మార్కెట్లో ఉన్న సీ హారియర్ పెట్టెల మీద బొమ్మలు చూడండి. దాదాపు అన్నీ బ్రిటన్, అర్జెంటీనాల మధ్య 1982లో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధమే. తప్పు పట్టడానికి లేదు, ఆ విమానానికి పేరొచ్చిందే అక్కడ. గాల్లో జరిగిన పోరులో ఒక్క సీ హారియర్ కూడా కూలకుండా అర్జెంటీనా విమానాలను కూల్చింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి ఫ్లాగ్‌షిప్, అంటే సారథి నౌక, హెర్మీస్ అనే విమానవాహక నౌక. ఆ హెర్మీసే 1987 మేలో మన విరాట్ అయింది. అంటే ఓడ ఒకటే, విమానం జాతి ఒకటే, డెక్ ఒకటే. కానీ చాలా పెట్టెల్లో డెకాల్స్, అంటే మోడల్ మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు, మాత్రం బ్రిటన్ రాయల్ నేవీవి. ఆ రెండున్నర నెలల యుద్ధానికి లెక్కలేనన్ని డెకాల్స్. మన దగ్గర 1983 డిసెంబర్‌లో గోవాలో దిగింది మొదలు 2016 మేలో వీడ్కోలు చెప్పేదాకా ముప్పై రెండేళ్లు ఎగిరిన విమానానికి మాత్రం వెతుక్కోవాలి. ఏం చేస్తాం, కొనేవాళ్లు అక్కడున్నారు.

అందుకే నా మాట ఇది: కిట్ తర్వాత, ముందు డెకాల్స్ చూసుకోండి. మన నేవీలో హారియర్లు నడిపిన ఐఎన్ఏఎస్ 300 స్క్వాడ్రన్ గుర్తు తెల్లపులి. తోక మీద దూకుతున్న ఆ పులి, కాషాయం బయటికీ ఆకుపచ్చ నడిమికీ ఉన్న గుండ్రటి జాతీయ గుర్తు రౌండెల్, ఐఎన్ 601తో మొదలయ్యే నంబర్లు: ఇవి ఏ స్కేల్‌లో దొరికితే ఆ స్కేల్‌లోనే కిట్ కొనండి. విడిగా డెకాల్స్ అచ్చు వేసే చిన్న చిన్న సంస్థలు ఉన్నాయి, కొన్నిసార్లు వేస్తాయి, అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తాయో చెప్పవు. కిట్ ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది. డెకాల్ షీటు అలా కాదు. 1/48లో గొప్ప కిట్ కొనుక్కుని, పులి 1/72లోనే దొరికి, తల పట్టుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాం.

రెండో మాట, ముక్కు చూసి కొనండి. మన సీ హారియర్ రకం పేరు ఎఫ్‌ఆర్‌ఎస్ 51. అది బ్రిటిష్ ఎఫ్‌ఆర్‌ఎస్ 1కి తమ్ముడు, రూపం దాదాపు అదే. సన్నగా కొనదేరిన ముక్కు, లోపల బ్లూ ఫాక్స్ రాడార్. తర్వాత బ్రిటన్ వాళ్లు బ్లూ విక్సన్ రాడార్ పెట్టి ఎఫ్‌ఏ 2 చేసుకున్నారు. దాని ముక్కు బొద్దుగా గుండ్రంగా ఉంటుంది, రెక్క వెనక ఒంట్లో సుమారు 35 సెంటీమీటర్ల ముక్క అదనంగా కలిపారు. అంటే ముక్కు మార్చేస్తే సరిపోయేది కాదు, ఒడ్డూపొడవూ వేరు. 2006లో వాళ్లు ఎఫ్‌ఏ 2లను పక్కన పెట్టినప్పుడు మన నేవీ వాటిని చూసింది, బేరం కుదరలేదు. కాబట్టి ఎఫ్‌ఏ 2 ఏనాడూ మనది కాదు. ఈ సంగతి తెలియకో తెలిసో, ఒక ఆన్‌లైన్ దుకాణంవాడు నాకు తెలిసిన కుర్రాడికి "ఇండియన్ సీ హారియర్" అని చెప్పి ఎఫ్‌ఏ 2 అంటగట్టాడు. కుర్రాడు పెట్టె మీద 'సీ హారియర్' అన్న అక్షరాలు చూశాడు, ముక్కు చూడలేదు. వాపసు తీసుకోమంటే సీల్ తీసేశారు కదా అన్నాడట ఆ పెద్దమనిషి.

ఇక క్షిపణుల దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి. బ్రిటిష్ సీ హారియర్ రెక్కల కింద సైడ్‌వైండర్లు. కిట్లలో ఎక్కువగా అవే వస్తాయి. మనవాళ్లు పెట్టింది ఫ్రెంచ్ మాత్రా ఆర్ 550 మ్యాజిక్. రెండిటి రెక్కలకూ పోలికే లేదు. మ్యాజిక్ ముందు భాగంలో ఒకదాని వెనక ఒకటి రెండు వరసల రెక్కలుంటాయి, అల్లంత దూరం నుంచే తెలిసిపోతుంది. తోక మీద మన పులి పెట్టుకుని కింద సైడ్‌వైండర్లు వేలాడదీస్తే, నిజంగా ఆ విమానం మీద పనిచేసిన నేవీ మనిషి ఎవరైనా చూస్తే నవ్విపోతారు. మరి మ్యాజిక్‌లు ఎక్కణ్ణుంచి తేవాలి? మిరాజ్ 2000 కిట్‌లో ఉంటాయి. లేదా సూపర్ ఎతాందార్ కిట్‌లో. విచిత్రం చూడండి, సూపర్ ఎతాందార్ అంటే 1982లో అర్జెంటీనా తరఫున ఎగ్జోసెట్ క్షిపణితో బ్రిటిష్ ఓడ షెఫీల్డ్‌ను దెబ్బతీసిన విమానం. హెర్మీస్ మీది హారియర్‌కు శత్రువైనవాడి పెట్టెలోంచి, విరాట్ మీది హారియర్‌కు ఆయుధం తెచ్చుకోవాలి. ఈ హాబీలో ఇలాంటివి తగిలినప్పుడే మజా.

చివరి రోజుల విమానం చేయాలనుకుంటే అది ఇంకో కథ. లష్ అనే ఆధునికీకరణ అయ్యాక ఇజ్రాయెల్ ఎల్టా రాడార్, డెర్బీ క్షిపణి వచ్చాయి. డెర్బీలు హారియర్ పెట్టెల్లో మామూలుగా రావు. మొదటిసారి చేసేవాళ్లు అటు పోకపోతేనే నయం.

నా సలహా 1983 నాటి తొలి రంగుల్లో చేయమనే. పైన ముదురు సముద్రపు బూడిద, అదే ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, కింద తెలుపు. హంబ్రోల్ కంపెనీ రంగుల్లో 123, మిస్టర్ హాబీ రంగుల్లో హెచ్ 333. ఫాక్లాండ్స్‌కు పోయేటప్పుడు హెర్మీస్ మీద దారిలోనే బ్రష్‌లు పట్టుకుని అడుగున తెలుపును బూడిద రంగుతో కప్పేశారు, అందుకని పెట్టె మీది బొమ్మలో విమానం నిలువెల్లా నల్లగా ఉంటుంది. ఆ రంగుల పటం చూసి వేశారో, మన పులికి అది అతకదు. తెలుపే ముందు వేయండి, పల్చగా, ఓపిగ్గా, ఆరనిచ్చి మళ్లీ. తర్వాత టేపు కట్టి బూడిద. తెలుపు మీద ముదురు రంగు ఎక్కుతుంది గానీ ముదురు మీద తెలుపు ఎక్కించాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

సరే, ఇప్పుడు కిట్లు. 1/48లో కైనెటిక్ మంచిదే, కాదనను. ఒంటి మీది రేకుల అతుకుల గీతలు సన్నగా ఉంటాయి, ఆయుధాలు దండిగా ఇస్తాడు, కాక్‌పిట్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ భాగాలు ఎక్కువ, అతికేచోట మన పనీ ఎక్కువ. అదే స్కేల్‌లో తమియా, ఎయిర్‌ఫిక్స్ కంపెనీల 1980ల నాటి అచ్చులు కూడా దొరుకుతాయి. తమియాది చక్కగా అతుక్కుంటుంది, కాకపోతే వివరాలు ఆ కాలానికి తగ్గట్టే. నోస్టాల్జియా ఉంటే తప్ప వాటికి ఇవాళ డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. 1/72లో ఎయిర్‌ఫిక్స్ 2010 ప్రాంతంలో కొత్త అచ్చుతో తెచ్చిన ఎఫ్‌ఆర్‌ఎస్ 1 ఉంది. దాని మీద అందరిదీ ఒకటే ఫిర్యాదు, ప్యానల్ గీతలు కాలవలు తవ్వినట్టున్నాయని. నిజమే, లోతే. అయితే ఆ గీతల్ని చూసి ఏడ్చేవాళ్లలో ఎంతమంది రంగు దాకా వచ్చారో కూడా చెప్తే బాగుండు. ప్రైమరు, రెండు పూతల రంగు, వార్నిష్ పడ్డాక ఆ కాలవలు సగం పూడిపోతాయి. మిగిలిన సగం బీరువా అద్దం వెనక నుంచి ఎవరికీ కనిపించదు.

అందుకే కుండబద్దలు కొట్టి చెబుతున్నా, ఆ స్కేల్‌లో పులి దొరికిందా, మన నేవీ సీ హారియర్ మొదటిసారి చేసేవాళ్లు 1/72 ఎయిర్‌ఫిక్స్ కొనండి. విమానం అసలు పొడవు పద్నాలుగున్నర మీటర్లు. 1/72లో అది సుమారు 20 సెంటీమీటర్లు, 1/48లో 30. మన ఫ్లాట్లలో ఆ పది సెంటీమీటర్లకు విలువ ఉంది. పక్కన మన నేవీ ఇతర విమానాలు సీ హాక్, ఆలిజే, మిగ్ 29కే పెట్టుకుని వరసగా చూసుకోవాలన్నా ఒకే స్కేల్‌లో 1/72యే తేలిక. ఇక 1/48 అయితే హారియర్ దగ్గరే ఆగిపోతారు. ఆరంభశూరత్వానికి మనం పెట్టింది పేరు కదా.

కిట్ ఏదైనా హారియర్‌తో రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, కాళ్లు. ముందు ఒక చక్రం, మధ్యలో జంట చక్రాలు, రెక్కల చివర్ల దగ్గర చెరొక సన్న కాలు. ఈ నాలుగూ ఒకేసారి నేలకు ఆనాలి. కిట్ చెప్పిన వరసలో అతికించుకుంటూ పోతే చివరికి రెక్క కాలు ఒకటి గాల్లో తేలుతుంది, కుంటి కుర్చీ లాగ. నేను ముందు మధ్య చక్రాలు, ముందు చక్రం అతికించి, గాజు పలక మీద నిలబెట్టి, అవి గట్టిపడ్డాక రెక్క కాళ్లు నెమ్మదిగా ఆరే జిగురుతో పెట్టి, పలకకు ఆనేలా సర్ది వదిలేస్తాను. రెండోది, నాజిల్స్, అంటే ఇంజిన్ గాలిని బయటికి చిమ్మే మూతులు. నాలుగూ లోపల గొలుసులతో ముడిపడి ఒకేసారి తిరుగుతాయి. మోడల్‌లో ముందువి కిందికీ వెనకవి వెనక్కీ ఉంటే ఆ విమానం విరిగిపోయినట్టే లెక్క. ముందు రెండిట్లోంచి వచ్చేది చల్లగాలి, వెనక రెండిట్లోంచి వేడి వాయువు. మసీ కాలిన లోహపు రంగూ వెనకవాటికే గట్టిగా కొట్టాలి. ఇంకో చిన్న సంగతి, ఇంజిన్ ఆగి నేల మీద నిలబడ్డ హారియర్‌కు ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం చుట్టూ ఉండే చిన్న తలుపుల్లో పైవి వాటి బరువుకే లోపలికి జారి తెరుచుకుంటాయి, కిందివి మూసుకునే ఉంటాయి. ఫొటోల్లో గమనించండి.

ఫొటోలంటే గుర్తొచ్చింది. గోవా నేవల్ ఏవియేషన్ మ్యూజియంలో సీ హారియర్ ఉంది. మనకైతే అంత దూరం కూడా అక్కర్లేదు, విశాఖ బీచ్ రోడ్డులోనే పెట్టారు. కురుసుర సబ్‌మెరైన్, టీయూ 142 చూడ్డానికి వెళ్లినవాళ్లు దాన్నీ చూసి, ముందు నిలబడి సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మీరు చక్రాల గూళ్ల ఫొటో తియ్యండి, నాజిల్ వెనక ఒంటి మీద ఉండే రేకు ఫొటో తియ్యండి, రెక్క కాలు ఫొటో అడుగు నుంచి తియ్యండి. ఇంటర్నెట్‌లో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్‌వే. మ్యూజియం విమానానికి మళ్లీ రంగులు వేసి ఉంటారు కాబట్టి రంగు విషయంలో మాత్రం దాన్ని నమ్మకండి.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ పోస్టుకు అర్థం లేదు. మనం చేసే ఈ పని కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందికే వస్తుంది. స్కేల్ మోడళ్లూ, పిల్లల ట్రైసైకిళ్లూ ఒకే పద్దు. 2020 బడ్జెట్‌లో ఆ పద్దు మీద సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. అదీ కిట్ ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా ఖర్చు కలిపి. ఆపైన జీఎస్టీ. దేశీయ బొమ్మల పరిశ్రమ ఎదగాలన్నది ఉద్దేశం, మంచిదే. మరి ఎవరైనా ఇక్కడ సీ హారియర్ అచ్చు పోశారా? మన నేవీ మూడు దశాబ్దాలు నడిపిన విమానం బొమ్మ చేసుకోవడానికి పరాయి దేశపు కిట్ తెప్పించుకుని, దాని మీద బోలెడు పన్ను కట్టాలి. పెట్టె పెద్దదైతే రవాణా పెరుగుతుంది, రవాణా పెరిగితే పన్ను పెరుగుతుంది. 1/72 వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం. మిగిలిన డబ్బుతో డెకాల్సూ రంగులూ వస్తాయి.

ఇంత ఖర్చు పెట్టి బొమ్మలేంటి అనే బంధువులకు నా దగ్గర జవాబు లేదు, వెతకనూ వెతకను.

ఇక కైనెటిక్ అభిమానులు కామెంట్లలో విరుచుకుపడతారని తెలుసు. పడండి. కాకపోతే తిట్టేముందు మీరు పూర్తిచేసిన హారియర్ ఫొటో ఒకటి పెట్టండి, ముక్కలు ఇంకా విడదీయని ఫ్రేముల (స్ప్రూల) ఫొటో కాదు. అలాగే మిరాజ్ 2000 చేసినవాళ్లలో ఎవరి దగ్గరైనా 1/72 మ్యాజిక్‌లు మిగిలి ఉంటే చెత్తబుట్టలో వేయకండి బాబూ, ఇన్‌బాక్స్‌లో చెప్పండి. కొరియర్ ఖర్చు నాది. బదులుగా సైడ్‌వైండర్లు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను.