పొగడ్త కూడా సాక్ష్యమే

రోమన్ సామ్రాజ్య రాజకీయాలను నాటి చరిత్రకారుడు టాసిటస్ ఒక్కడినే పట్టుకుని వివరించే పద్ధతికి కాలం చెల్లింది. స్పెయిన్‌లో దొరికిన కంచు పలకల పాఠం 1996లో అచ్చయ్యాక ఇక ఆ పద్ధతికి సాకు కూడా లేదు. క్రీ.శ. 20 డిసెంబర్ 10 నాటి సెనేట్ (రోమ్ పెద్దల సభ) తీర్మానం అది. చక్రవర్తి దత్తపుత్రుడు జర్మానికస్ మరణం, అతన్ని చంపించాడన్న ఆరోపణతో సిరియా గవర్నర్ పిసోపై విచారణ, తీర్పు రాకముందే అతని ఆత్మహత్య తెలిసిన కథే.

అందులో నన్ను వదలనిది పిసో భార్య ప్లాన్సినా సంగతి. ఆమెపై ఎన్నో తీవ్రమైన ఆరోపణలున్నాయని తీర్మానమే ఒప్పుకుంటుంది. అయినా శిక్ష లేదు. చక్రవర్తి టైబీరియస్ తల్లి లివియా ఆమెను విడిచిపెట్టమని కోరింది కాబట్టి! లివియా చక్రవర్తిని కన్నతల్లి కావడమే కాదు, అన్ని వర్గాలవారికీ గొప్ప ఉపకారాలు చేసిందట. సెనేట్‌ను ఏది అడిగినా చెల్లుబాటయ్యే పలుకుబడి ఉండి కూడా దాన్ని ఎంతో పొదుపుగా వాడుకుంటుందట. ఏ పదవీ లేని ఒక స్త్రీ మాట మీద నిందితురాలిని వదిలేశామన్న సంగతిని ఆ సభ దాచుకోలేదు. ప్రతి ప్రావిన్స్‌లోనూ జనం ఎక్కువగా తిరిగే నగరంలో, సైనిక శిబిరాల్లో కంచు మీద చెక్కించి పెట్టమంది. ఆ రోజు సభలో 301 మంది ఉన్నారనీ పలకే చెబుతోంది.

ఇక టాసిటస్ ఏమంటాడు? ప్లాన్సినా తరఫున మాట్లాడటానికి టైబీరియస్ సిగ్గుపడ్డాడనీ, మంచివారంతా చాటుమాటుగా లివియా మీద మండిపడ్డారనీ అంటాడు. పలకలో స్తోత్రం, పుస్తకంలో గొణుగుడు. రెండూ ఒకే వర్గానివి. నాటి రోమన్ ఉన్నత వర్గం బతుకంతా ఈ రెంటి మధ్యే నడిచింది.

టాసిటస్‌కు టైబీరియస్ అంటే గిట్టదనీ, దాదాపు వందేళ్ల తర్వాత రాశాడనీ, కాబట్టి సమకాలీన శాసనాన్నే నమ్మాలనీ కొందరు వాదిస్తారు. తేదీల వరకైతే సరే. అంతకు మించి ఈ వాదన నిలవదు. ఆ తీర్మానం చివర సంతకం చేసింది టైబీరియస్ స్వయంగా! పిసో చేతిలో ఒక పత్రం కనిపించేదనీ, అందులో చక్రవర్తి ఆదేశాలున్నాయనీ పెద్దలు చెప్పగా విన్నానని టాసిటస్ రాశాడు, నిజమని మాత్రం పూచీ పడలేదు. అలాంటి వదంతి ఏ కంచు మీదికీ ఎక్కదు. పైగా టాసిటస్ బయటివాడు కాదు. నిరంకుశ చక్రవర్తి డొమిషియన్ కాలంలో సెనేటర్‌గా నెగ్గుకొచ్చి, 97లో కాన్సుల్ అనే ఉన్నత పదవికెక్కినవాడు. డొమిషియన్‌కు బలైన తోటి సెనేటర్ హెల్విడియస్‌ను జైలుకు ఈడ్చింది మా చేతులేనని రాసుకున్నవాడు. సభ ఎందుకు తల ఊపుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన తరగతి గదుల్లో ఇదేదీ కనిపించదు. మంచి చక్రవర్తులు, చెడ్డ చక్రవర్తులు, నోట్స్, పరీక్ష. అంతటితో చరిత్ర అయిపోతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఈ రెండు పాఠాలనూ తెలుగులో విద్యార్థుల చేతికివ్వాలి. సామ్రాజ్య క్షేమం చక్రవర్తి కుటుంబ రక్షణలోనే ఉందని సైనికులకు తెలుసంటూ ఆ తీర్మానం వారిని మెచ్చుకుంటుంది. ఒక హత్యారోపణ కేసు తీర్పులో సైనికులకు ఈ మెప్పు ఎందుకని విద్యార్థులను అడగాలి. సెనేట్ ఎవరికి భయపడిందో వాళ్లే చెబుతారు.