రెండు వేళ్లతో పట్టుకో బిడ్డా

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. నల్లగొండ నుంచి హాలియా, సాగర్ మీదుగా మాచర్లకు పోయే బస్సు నడుపుతూ, ముప్పై ఏళ్లుగా ఎక్కిన వారిని ఎక్కినట్టే భద్రంగా దింపుతున్న మనిషి. అందుచేత నేను విమానం నడపడం నేర్చుకోవడానికి చేరి రెండు నెలలు దాటినా, ఇంకా దింపడం దగ్గరే తంటాలు పడుతున్నానని తెలిసినప్పుడు ఆయనకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. "ఎక్కుడు వచ్చిందంటివి, దిగుడు రాకపోవుడేందిరా?" అని అడిగాడు. ఎక్కడం ఎవరికైనా వస్తుందనీ, వేగం అందుకుంటే విమానం దానంతట అదే లేస్తుందనీ, కష్టమంతా దిగడంలోనే ఉందనీ చెప్పబోయాను గాని, అప్పటికే ఆయన మా అమ్మ వైపు తిరిగి ఫీజు ఎంత కట్టామో గుర్తు చేయడం మొదలుపెట్టాడు.

మేము నేర్చుకునే విమానం సెస్నా 152. అందులో ఉండేవి రెండే సీట్లు. ఇంజను శక్తి 110 హార్స్‌పవర్, అంటే మా ఊళ్లో పొలం దున్నే ట్రాక్టర్లు రెండింటిని కలిపితే దాదాపు అంత అన్నమాట. నాయన పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచి బస్సు నడకను చూసిన అనుభవం ఇక్కడ పనికొస్తుందని నేను ఆశపడ్డాను. తీరా చూస్తే అదే నాకు మొదటి శత్రువైంది. ఈ విమానం నేల మీద పోతున్నప్పుడు చేతిలోని యోక్‌ను, అంటే స్టీరింగు లాంటి పిడిని, ఎంత తిప్పినా ముందు చక్రం తిరగదు. దానిని కాళ్ల కింది పెడల్స్‌తో తిప్పాలి. బ్రేకులు కూడా ఆ పెడల్స్ పైభాగంలోనే ఉంటాయి. మొదటి వారమంతా నేను సాగర్ ఘాట్ రోడ్డు మలుపులో బస్సును తిప్పినంత శ్రద్ధగా యోక్‌ను తిప్పుతూ, విమానాన్ని మాత్రం నేరుగా గడ్డిలోకి తీసుకుపోయాను.

మా ఇన్‌స్ట్రక్టర్ సారుది పాలమూరు. వైమానిక దళంలో చేసి రిటైరైన ఆయన శిష్యులందరినీ "బిడ్డా" అనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడూ అదే పిలుపు, కాకపోతే దీర్ఘం మరికొంచెం సాగుతుంది. ల్యాండింగ్ గురించి ఆయన చెప్పిన మొదటి మాట నాకు అసలే బోధపడలేదు. "విమానాన్ని దించకు బిడ్డా, దిగనీయకు" అన్నారు. దింపడం నేర్చుకోవడానికి లక్షలు పోసి వస్తే ఈయన దించొద్దంటాడేమిటని నేను తెల్లబోయాను. సంగతి ఏమిటంటే, రన్‌వే మీదికి వచ్చాక పవర్ తీసేసి, నేల దగ్గర పడుతుండగా ముక్కును మెల్లగా పైకెత్తి విమానాన్ని నేలకు సమంగా తేవాలి. ఆపైన అది దిగుతానంటున్నకొద్దీ యోక్‌ను ఇంకొంచెం, ఇంకొంచెం వెనక్కి లాగుతూ, రెండు మూడు అడుగుల ఎత్తులోనే నిలబెట్టాలి. వేగం చచ్చి, రెక్కలు ఇక మోయలేమని చేతులెత్తేసినప్పుడు, వెనుక చక్రాలు రెండూ తమంతట తామే నేలను తాకుతాయి. తొందరపడి ఎక్కువ లాగితే విమానం బెలూన్‌లా పైకి తేలిపోతుంది. లాగకుండా ఊరుకుంటే ముందు చక్రం నేలకు కొట్టుకుని కప్పగంతులు వేస్తుంది. చూపు ముక్కు కింద కాకుండా రన్‌వే ఆ చివర ఉండాలి. "మా దిక్కు ఆడోళ్లు మైలు దూరం నుంచి తెచ్చిన నిండు బిందెను నెత్తి మీద నుంచి ఎట్ల దించుతరో సూసినవా? సుక్క ఒలకొద్దు" అనేవారు సారు. నేను దింపిన బిందెలు మొదటి నెలలో అన్నీ సొట్టలు పడ్డాయి.

ఆయన రెండో పాఠం చేతి పట్టు గురించి. యోక్‌ను బొటనవేలు, చూపుడువేలుతో మాత్రమే పట్టుకోవాలని, గట్టిగా పట్టుకుంటే విమానం చెప్పే మాట చేతికి తెలియదని అనేవారు. నేనేమో విడిపించుకు పోయే బర్రె కొమ్ములను పట్టుకున్నట్టు అయిదు వేళ్లూ బిగించేవాడిని. ప్రతి ఫ్లయింగ్‌లోనూ నా వేళ్ల మీద పెన్సిలుతో కొట్టి, "రెండు వేళ్లతో పట్టుకో బిడ్డా" అనేవారు. సరిగ్గా ఆ వేళ్లు పడే చోటనే, యోక్ కొమ్ము మీద, రేడియోలో మాట్లాడే బటన్ ఉంటుంది. దానిని నొక్కినంతసేపు మన మాట అందరికీ వినిపిస్తుంది, ఎవరి మాటా మనకు వినిపించదు. ఈ రెండు వాక్యాలూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని నేను.

పద్దెనిమిది గంటల శిక్షణ పూర్తయిన ఒక ఉదయం, నాతో మూడు సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగితే ఒక సర్క్యూట్) తిరిగాక, సారు ఇంజను ఆగకుండానే తలుపు తీసుకుని దిగిపోయారు. "ఒక్క సర్క్యూట్ కొట్టి రా బిడ్డా" అని సీటు బెల్టును ఖాళీ సీటుకు జాగ్రత్తగా బిగించి వెళ్లారు. ఆ రోజు మా నాయనకు వీక్లీ ఆఫ్. తోట నుంచి తెంపిన బత్తాయిలు సంచి నిండా వేసుకుని నన్ను చూడటానికి వచ్చి, రేడియో గది ముందున్న బెంచీ మీద కూర్చున్నాడన్న సంగతి నాకు తెలియదు.

సారు బరువు తొంభై కిలోలకు తగ్గదు. నిండు బరువు 757 కిలోలు దాటరాని విమానంలో తొంభై కిలోలు ఒక్కసారిగా మాయమైతే ఏమవుతుందో నాకు టేకాఫ్‌లోనే తెలిసింది. అలవాటైన చోటుకు ఎంతో ముందే లేచి, పట్టపగ్గాల్లేకుండా పైకి పోయింది. నా అయిదు వేళ్లూ బిగుసుకున్నాయి. పక్క సీటు ఖాళీగా ఉంది కాబట్టి, వినేవారెవరూ లేరన్న ధైర్యంతో నేను దేవుళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాను.

మొదటి మలుపులో మా ఊరి ఎల్లమ్మకు కొబ్బరికాయతో సరిపెట్టాను. వెయ్యి అడుగులు ఎక్కి డౌన్‌విండ్‌లోకి, అంటే రన్‌వేకు సమాంతరంగా వెనక్కి పోయే దారిలోకి, వచ్చేసరికి కింద సాగర్ నీళ్లు, వాటి మధ్య నాగార్జునకొండ, దూరంగా డ్యామ్ కనిపించాయి. మనసు కుదుటపడుతుందేమోనని ఆ 26 గేట్లను లెక్కపెట్టబోతే రెండుసార్లు రెండు లెక్కలు వచ్చాయి. దానితో చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి అమావాస్య నిద్ర మొక్కాను. రన్‌వేకు అడ్డంగా పోయే బేస్ లెగ్‌లో యాదగిరిగుట్ట నర్సింహస్వామికి తలనీలాలు ఒప్పుకున్నాను. ఫైనల్‌లో రన్‌వే ఎదురుగా నిలబడ్డప్పుడు నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలక పాపాలు ఒప్పుకోవడం ప్రారంభించాను. "నర్సింహస్వామీ, నాయిన బండి ట్యాంకుకు సొట్ట వెట్టింది కోతులు కాదు, నేనే. ఈ ఒక్కసారి నేల మీద వెట్టు, మళ్ల అబద్ధం ఆడ."

స్వామి ఆలకించినట్టు లేదు. తేలికైన విమానం రన్‌వే మీదికి వచ్చి, నేల దగ్గర రెక్కల కింద పోగయ్యే గాలి మీద తేలుతూ, ఎంతకూ దిగకుండా పోతూనే ఉంది. "దిగవే! ఏడికి వోతున్నవే? ఆగే బర్రె!" అని బతిమాలుతూనే తిడుతూ, ఆత్రంలో యోక్ లాగేశాను. అది బెలూనై పది అడుగులు లేచింది. రన్‌వే అయిపోవస్తోంది. ఆ క్షణంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, మొండికేయకుండా ఫుల్ పవర్ ఇచ్చి, దిగడానికని వంచిన రెక్కల వెనుక అంచు పలకలను, అంటే ఫ్లాప్స్‌ను, మెల్లమెల్లగా తీస్తూ తిరిగి పైకి పోవడం. రేడియోలో సారు ఒక్క మాట కూడా అనకపోవడం చూసి, నా మీద ఆయనకు ఎంత నమ్మకమో అని కళ్లు చెమర్చాయి.

రెండోసారి మొక్కులకు పేర్లు దొరకలేదు. పాతవే రెట్టింపు చేసి, ఎల్లమ్మ కొబ్బరికాయను యాటగా మార్చాను. నేల దగ్గరికి వచ్చాక ఖాళీ సీటు వైపు నుంచి "దిగనీయకు బిడ్డా" అన్న మాట వినిపించినట్టే అనిపించి, దిగనీయకుండా పట్టుకున్నాను. ఒకసారి గట్టిగా తగిలి చిన్నగా ఎగిరింది, మళ్లీ పట్టుకున్నాను, ఈసారి వెనుక చక్రాలు రెండూ కీచుమని నేలకు ఆనాయి. రన్‌వే పక్కకు తిప్పి ఆపి, చెమట తుడుచుకోవడానికి యోక్ మీది చేయి తీశాను.

వెంటనే హెడ్‌సెట్‌లో నలుగురి గొంతులు ఒకేసారి పేలాయి. వాటన్నిటినీ దాటుకుని సారు గొంతు చాలా శాంతంగా వచ్చింది. "అయ్యిందా బిడ్డా? ఇప్పటిదాక బటన్ మీదనే ఉన్నవ్. పైన ఇంకో విమానం నీ మొక్కులు అయిపోయేదాక సాగర్ మీద సుట్లు కొడుతున్నది."

కిందికి దిగేసరికి తోటి విద్యార్థులు ఆనవాయితీ ప్రకారం బకెట్ నీళ్లు నెత్తిన కుమ్మరించారు. కుమ్మరిస్తూ ఒకడు "ఆగే బర్రె" అన్నాడు. రేడియో గదిలో కూర్చునే ఆయన నా మొక్కులను వరుసగా, సమయాలతో సహా కాగితం మీద రాసి పెట్టాడు. సారు ఆ కాగితాన్ని నా లాగ్‌బుక్‌లో మడిచి పెట్టి, అవి తీరేదాకా రెండో సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, లేదన్నారు. ఆయన నవ్వుతూ అన్నారో, నిజంగానే అన్నారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అందుకని ఆ ఆదివారమే గుట్టకు పోయి గుండు చేయించుకుని వచ్చాను. ఆ నున్నటి గుండు మీద హెడ్‌సెట్ నిలవక, తర్వాతి రెండు వారాలు తువ్వాలు చుట్టుకుని నడపవలసి వచ్చింది.

మా నాయన ఆ ఉదయం బెంచీ మీద నుంచి లేవలేదు. నేను తడి బట్టలతో దగ్గరికి పోతే, బత్తాయి ఒకటి ఒలిచి చేతిలో పెట్టాడు. నా ల్యాండింగ్ గురించి ఒక్క మాట అనలేదు. నేను మూడు తొనలు తిన్నాక, సాగర్ వైపు చూస్తూ, "రెండేండ్ల నుంచి ఆ కోతులను ఉత్తగనే తిడుతున్న" అన్నాడు.