స్ప్రింగు కోయించమని ఫార్వర్డ్ చేస్తున్నవాళ్లకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. జయపురం స్నేహితుల గ్రూపులో ముగ్గురు పెట్టారు, రాయగడ నుంచి మావయ్య పంపారు, నిన్న పొద్దున్న మా వదిన కూడా పంపింది. "ఎత్తు బండి ఘాటీలో ఊగకుండా ఉండాలంటే ఐదు చిట్కాలు" అట. డిక్కీలో ఇసుక బస్తా వేయండి, వెడల్పు టైర్లు వేయించండి, టైర్లలో గాలి 45 పెట్టించండి, స్ప్రింగు ఒక చుట్టు కోయించండి, పైన క్యారియర్ తీసేయండి. కింద "20 ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్ సలహా" అని ముక్తాయింపు.

ఇసుక బస్తా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బరువు పెరిగితే మలుపులో బండిని బయటికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. వెనక ఇరుసుకు అవతల 50 కిలోలు పెడితే తడి రోడ్డు మీద తోక విసిరే అవకాశం పెరుగుతుంది. సాలూరు వైపు దిగేటప్పుడు బ్రేకుల మీద భారం అదనం.

వెడల్పు టైరు పట్టు కొంత పెంచుతుందేమో గానీ ఒరగడాన్ని ఆపదు. సైజు మించితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది.

గాలి 45 అంటే ఏ బండికి? వ్యాగనార్‌కా, ఎర్టిగాకా, బొలెరోకా? డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. చాలా బండ్లకు ఫుల్ లోడుకు వేరే అంకె కూడా అక్కడే ఉంటుంది. అది పెట్టించండి. గాలి తక్కువైతే టైరు పక్కలు మెత్తబడి బండి తేలినట్టు ఉంటుంది, నిజమే. కానీ మరీ ఎక్కువైతే టైరు నడిమి భాగమే నేలకు ఆనుతుంది. శ్రావణంలో, సాలూరు వైపు దిగే సుంకి ఘాటీ మీద అలాంటి టైర్లతో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తారా?

నాకు కోపం తెప్పించింది నాలుగో చిట్కా. దీన్ని పంపినవాళ్లలో ఒక్కరైనా కోసిన స్ప్రింగును విప్పి చూశారా?

ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. అందుకే మొదటి రోజు బండి నిటారుగా తిరిగినట్టు అనిపిస్తుంది. కానీ మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకు మారే బరువు దాదాపు అంతే ఉంటుంది. అది వేగం, బరువు కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు మీద ఆధారపడుతుంది. స్ప్రింగు గట్టిదైనంత మాత్రాన బోల్తా ప్రమాదం పోదు. బండి ఒరుగుతోందంటే వేగం ఎక్కువైందని మనకు చెబుతోంది. ఆ సంగతి తెలియకుండా చేసి, ప్రమాదాన్ని మాత్రం అలాగే ఉంచుతున్నారు.

ఇంకోటి ఉంది, ఇది చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. ఇలాంటి బండ్లలో చాలావాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగు, షాకప్ కలిసిన ఒకే నిలువు కాలు, కింద చక్రాన్ని బండికి కలిపే ఒక ఆర్మ్. స్ప్రింగు కోసి బండి ఎత్తు తగ్గితే ఆ కింది ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందికి జారిపోతుంది. రెండింటికీ మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం పెరుగుతుంది. స్ప్రింగు గట్టిపడి కలిసొచ్చిన లాభంలో కొంత అది తినేస్తుంది.

మా బావ బండి ఏడు సీట్లది. కిందటి దసరాకు ముందు ఒక షెడ్డులో గ్యాస్ మంటతో వెనక స్ప్రింగులు కోయించారు. మంట తగిలిన చోట ఉక్కు పదును పోతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మొదట్లో బాగుందన్నారు. పండక్కి ఏడుగురం విజయనగరం బయల్దేరాం. సుంకి దాటి దిగుతుంటే మలుపులో గుంట వచ్చింది. అప్పటికే బరువుకు కుంగి ఉన్న బండి బంప్ స్టాపు మీద, అంటే స్ప్రింగు పూర్తిగా నలిగినప్పుడు ఆపే రబ్బరు దిమ్మ మీద కొట్టుకుంది, వెనక చక్రం ఎగిరి పక్కకు జారింది, కాలువ అంచున ఆగాం. మా అక్క వెనక సీట్లో పిల్లను పట్టుకుని వణికిపోయింది. స్ప్రింగు దించి చూస్తే కోసిన కొస, అది కూర్చోవాల్సిన గిన్నెలాంటి కప్పులో సరిగ్గా కూర్చోలేదు. చక్రం కిందికి వేలాడినప్పుడల్లా స్ప్రింగు వదులై పక్కకు జరుగుతోంది. అందుకే మళ్లీ అడుగుతున్నాను, ఎవరా 20 ఏళ్ల మెకానిక్? ఏ ఊళ్లో ఉంటాడు? కోసినందుకు అతను పూచీ పడతాడా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు ఇలాంటి మార్పుల గురించి అడగొచ్చు.

నిజంగా ఊపు తగ్గాలంటే ముందు స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్లు, బుష్‌లు చూపించండి. మన రోడ్ల మీద అవే ముందు పోతాయి. చిన్న గుంటకే టక్ టక్ మంటే అనుమానించండి. ఆ బార్ ఎడమ కుడి చక్రాలను కలిపి, ఒరిగేటప్పుడు మెలితిరిగి ఎదురు నిలుస్తుంది. లింకు వదులైతే బార్ ఉన్నా పని ఆలస్యంగా మొదలవుతుంది. తర్వాత షాకప్‌లు. అవి ఎంత ఒరగాలో నిర్ణయించవు, ఎంత తొందరగా ఒరగాలో నిర్ణయిస్తాయి. వెంటవెంటనే ఎడమ, కుడి మలుపులు వచ్చే చోట పాత షాకప్‌ల సంగతి కడుపులో తిప్పేటప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత వేగం. అదే మలుపులో 40 బదులు 60లో వెళ్తే పక్కకు లాగే బలం రెండుంపావు రెట్లు. మలుపుకు ముందే తగ్గించుకోండి, మలుపులో కాదు.

ఐదో చిట్కా మాత్రం సరైనదే, ఒప్పుకుంటున్నాను. పైకప్పు మీద 60 కిలోల సామాను కడితే బరువు కేంద్రం పైకి పోతుంది. నేను ఎనిమిదేళ్లుగా క్యారియర్‌తోనే తిరిగాను, పెళ్లిళ్లకు బియ్యం బస్తాలు కూడా పైన కట్టాను. అది తప్పు. పోయిన ఆదివారం విప్పించేశాను. బావ బండికి వెనక స్ప్రింగులు రెండూ కొత్తవి వేయించాం. కోసిన ముక్కలు మా వరండాలో ఉన్నాయి. ఇంకా నమ్మకం కుదరనివాళ్లు వచ్చి ఆ కొసలు చూడండి.