ఉప్పాడ తీరం కోతపై పిల్లలు తీసే సినిమాలో ఏముండాలి?

వాతావరణ మార్పుపై పోటీకి సినిమా తీయమంటే బడి పిల్లల నుంచి తరచూ వచ్చేవి బీటలు వారిన నేల, ఇంటర్నెట్‌లో దొరికిన ధ్రువపు ఎలుగుబంటి, చివర్లో ఒక నినాదం. దాంతో ఎడిటింగ్ వస్తుంది కానీ విషయం తలకెక్కదు.

కాకినాడ జిల్లా ఉప్పాడనే తీసుకుందాం. అక్కడ ఇళ్లు, గుళ్లు, బీచ్ రోడ్డు దశాబ్దాలుగా సముద్రం పాలవుతున్నాయి. కారణం ఒక్కటి కాదు. సముద్ర మట్టం పెరుగుతోంది నిజమే. గోదావరి మోసుకురావాల్సిన ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది. తీరం వెంబడి ఉత్తరానికి కదిలే ఇసుకకు కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, రేవు కట్టడాలు అడ్డుపడుతున్నాయి. ‘అంతా గ్లోబల్ వార్మింగే’ అని సినిమా చెప్పిందంటే పిల్లలకు సగం తప్పు నేర్పినట్టే.

అందుకే మూడు నిమిషాల సినిమాకు ఒక్క ప్రశ్న చాలు: మా వీధి ముందు తీరం ఎంత కోతకు గురైంది, ఎందుకు? కదలని గుర్తు ఒకటి, కరెంటు స్తంభమో బడి గోడో, ఎంచుకుని టేపుతో కొలవాలి. ఎక్కువమంది నీటి అంచు దాకా కొలిచి పొరబడతారు. వాలు తక్కువున్న చోట పోటుకీ పాటుకీ మధ్యే ఆ అంచు పదుల మీటర్లు జరుగుతుంది. పోటు వదిలిన చెత్త గీత దాకా కొలవాలి, అదీ నెలనెలా పౌర్ణమికే. వానాకాలంలో పోయిన ఇసుక తర్వాత కొంత తిరిగొస్తుంది కాబట్టి ఏడాది లెక్క లేకుండా తీర్పు చెప్పకూడదు. పాత హద్దు కోసం గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూపించాలి.

ఇంటర్వ్యూలు చెడేది గాలి హోరుతోనే. పడవ చాటున కూర్చోబెట్టి, రెండో ఫోన్‌ను మనిషి ఛాతీకి జానెడు దూరంలో పట్టుకుని, మైకు మీద పల్చటి స్పాంజి ముక్క పెడితే మాట దక్కుతుంది. రికార్డింగ్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత బొమ్మకు మాట జతపడుతుంది. ‘వాతావరణ మార్పుతో నష్టపోయారా?’ అనడిగితే ‘అవును బాబూ’ అనే వస్తుంది. ‘96 తుపాను నాటికి సముద్రం ఎక్కడుండేది, చూపించు తాతా’ అంటే ఆయన లేచి నడుస్తాడు. ఆ నడకే సినిమా.

తొలి కూర్పు జడ్జీల కంటే ముందు ఊరు చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మత్స్యకారులు ఊళ్లోనే ఉంటారు. కానీ వేసవి సెలవులూ అప్పుడే. అందుకే అవి మొదలయ్యేలోపే, ఏప్రిల్ మూడో వారంలో ఒక సాయంత్రం రామాలయం దగ్గర తెల్ల గుడ్డ కట్టి వేయడం మంచిది. సినిమా మూడు నిమిషాలైతే మాటలకు గంట వదలాలి. ‘ఆ రక్షణ గోడ కట్టాకే మా వైపు కోత పెరిగింది’ అని ఎవరైనా అంటే, ఇద్దరు పిల్లలు అది రాసుకుని, మళ్లీ కొలిచి, కూర్పు మార్చాలి.

2003లోనే సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లో తప్పనిసరి చేసింది. మార్కులు మాత్రం ఇంకా డ్రోన్ షాట్లకూ నేపథ్య సంగీతానికే పడుతున్నాయి. కొలతల నోటుపుస్తకానికీ, ఊరి అభ్యంతరం విన్నాక చేసిన మార్పుకీ కలిపి సగం మార్కులివ్వాలి.