వాద్య సహకారం: నా కెమెరా

తిరుపతిలో పుట్టి పెరిగినవాడు సంగీత విమర్శకుడు కాకుండా ఉండాలంటే చాలా కష్టపడాలి. మహతి ఆడిటోరియంలో ఒక కచేరీ, అన్నమాచార్య కళామందిరంలో ఇంకొకటి, కొండమీద నాదనీరాజనం, బ్రహ్మోత్సవాలొస్తే ఊరంతా వేదికలే. చాలావాటికి టికెట్టు కూడా ఉండదు. ఇంత సంగీతం మధ్య నలభై రెండేళ్లు ఉత్త శ్రోతగా బతికేశానంటే నాకే సిగ్గుగా ఉంది. ఎనిమిది నెలల కిందట ఆ తప్పు దిద్దుకున్నాను. ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. ఇప్పుడు నేను కచేరీ ఫొటోగ్రాఫర్ని, సమీక్షకుణ్ణి. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లకు నాలుగు మాటలు చెప్పే బాధ్యత నా మీద పడింది. ఎవరూ పెట్టలేదు, దానంతట అదే పడింది.

ముందుగా కెమెరా మహిమ. ఉత్త చేతులతో వెళ్లి మొదటి వరుసలో కూర్చోండి, "అవి పెద్దోళ్లకు సామీ, ఎనక్కి పోండి" అని లేపేస్తారు. మెడలో కెమెరా వేలాడేవాణ్ణి మాత్రం ఎవరూ లేపరు. వాడు మొదటి వరుసకే అడ్డంగా నిలబడొచ్చు. వెనకనున్న ముసలావిడ రెండు గంటలు నా వీపునే దర్శించుకున్నా కళాసేవ కిందే లెక్క.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు పెళ్లి భోజనంలో ఉప్పు లాంటిది, విస్తట్లో ఉంటుంది, ఎవరూ తినరు. జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 5.6 కంటే పెద్దది కాదు (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దది). 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనుక్కోండి. లెన్సుల్లో చవకైనది అదే, తొమ్మిది రెట్ల పైచిలుకు వెలుతురు తాగేదీ అదే. కెమెరా వెలుతురు ఆకలిని చెప్పే ఐఎస్ఓను 3200కు పెట్టండి, బొమ్మలో కాస్త ఇసక రాలినట్టుంటుంది, పర్వాలేదు. షట్టరు మాత్రం సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దు. నేను మొదటి నెలంతా 30వ వంతులో తీశాను. ఆ ఫొటోల్లో మృదంగ విద్వాంసులందరూ కార్తవీర్యార్జునులే. వెయ్యి చేతులున్నాయి, ముఖం ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో నాకు స్పష్టంగా పడిన కళాకారిణి ఒక్కరే, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు. మన ఊళ్లో ఆమె కంచు విగ్రహం ఉంది కదా, ఎంతసేపైనా కదలరు.

ఫ్లాష్ వెయ్యొద్దు. కళ్లు మూసుకుని ఆలాపన చేసే మనిషి కనురెప్పల మీద పిడుగు వేసినట్టుంటుంది. మరి వెలుతురెట్లా అంటే, స్టేజి లైట్ల వాళ్లనే నమ్ముకోవాలి. ఈమధ్య వాళ్లకు ఊదారంగు మీద మోజు పుట్టింది. రాగం శంకరాభరణమైనా ఊదా, శుభపంతువరాళి అయినా ఊదా. కెమెరాకు ఆ లైటులో మనిషి ముఖం నేరేడుపండు. కెమెరా చూసింది చూసినట్టు దాచే 'రా' (raw) ఫైలుగా తీసుకుంటే తర్వాత కొంత కడగొచ్చు. మరీ లొంగకపోతే బ్లాక్ అండ్ వైట్ చేసేసి 'కళాత్మకం' అనండి. నా ఫొటోల్లో మూడొంతులు కళాత్మకమే.

ఇంకో ధర్మసంకటం ఉంది. నెమ్మదైన రాగాలాపన మధ్యలో కెమెరా టప్పుమంటే హాలంతా మనల్ని చూస్తుంది. ఆ చూపు తట్టుకోలేక చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరుకు మారాను. ఎల్ఈడీ లైట్లు మన కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటాయట. చప్పుడు లేని షట్టరు బొమ్మను గీత గీతగా చదువుతుందట. రెండూ కలిసి విద్వాంసుడి మీద అడ్డచారల దుప్పటి కప్పాయి. కాబట్టి కొత్తవాళ్లు ముందే తేల్చుకోవాలి: జనంతో చీవాట్లా, చారల విద్వాంసుడా? నేను చీవాట్లకే ఓటేశాను. వాటిని ఎవరూ వాట్సాప్‌లో పంచుకోరు.

బయటి దేశాల్లో రాక్ కచేరీలకు ఒక నియమం ఉందని చదివాను. ఫొటోగ్రాఫర్లకు మొదటి మూడు పాటలే, ఫ్లాష్ లేదు, ఆ తర్వాత బయటికి. మొత్తం కలిపి పది పదిహేను నిమిషాల పని. దాన్ని ఇక్కడ అమలుచేద్దామని ఒకరోజు కంకణం కట్టుకున్నాను. వర్ణం అయింది, వినాయకుడి కీర్తన అయింది. మూడోది తోడి రాగం. ఆలాపనకే ఇరవై నిమిషాలు, మళ్లీ వయొలిన్ ఆయన వంతు, కీర్తన, నెరవలు, స్వరకల్పన. మోకాళ్ల మీద కూర్చున్నవాణ్ణి లేవలేకపోతే ఇద్దరు వలంటీర్లు చెరో జబ్బా పట్టుకుని లేపారు. నన్ను సన్మానానికి తీసుకెళ్తున్నారనుకుని వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు కూడా.

సన్మానమంటే గుర్తొచ్చింది. నిర్వాహకులకు కావలసింది పాడుతున్న ఫొటో కాదు, శాలువా ఫొటో. ఆ ఫొటోలో పన్నెండు మంది ఉంటారు. కార్యదర్శి గారు మధ్యలో, ఆయన బావమరిది పక్కన, శాలువా చివర పట్టుకోవడానికి ఇద్దరు, ఆ పట్టుకున్నవాళ్ల భుజం తాకడానికి నలుగురు. గాయని ఎక్కడో శాలువా లోపల ఉంటుంది. ఆ ఒక్క ఫొటో చెడిపోతే వచ్చే కచేరీకి మీకు కబురు రాదు. డబ్బులు ఇస్తారా అని అడుగుతున్నారా? కాఫీ ఇస్తారు, బాగా వేడిగా ఉంటుంది.

వేదికల మీద చేయి తిరిగింది కదా అని మే నెలలో గంగమ్మ జాతరకు బయల్దేరాను. సంగీత సమీక్షకుడికి అదీ ప్రత్యక్ష సంగీతమే కదా. పంబలు, డప్పులు, ఎదురుగా బండ వేషం కట్టిన భక్తుడు. 'కాస్త ఇటు తిరగండి' అని మర్యాదగా అడిగాను. వేషధారి తిరిగాడు. మా తాతతో మొదలుపెట్టి నా దాకా ఒక్కొక్కరినీ వరసగా తిట్టాడు. జాతరలో వేషం తిట్టడం ఆచారం, తిట్టించుకోవడం పుణ్యం. జాతర సమీక్ష నేను రాయలేదు, అదే నన్ను సమీక్షించి పంపింది. లెన్సు సందుల్లో పసుపు ఇప్పటికీ ఉంది.

ఇక రాత పని. ఇది కెమెరా కంటే తేలిక, కచేరీ వినాల్సిన అవసరం కూడా లేదు. కరపత్రం చాలు. గాయని 'శ్రోతలను మంత్రముగ్ధులను చేశారు.' తని ఆవర్తనం, అంటే మృదంగం వాళ్లు ఒంటరిగా వాయించే ఘట్టం, 'రక్తి కట్టింది.' వయొలిన్, మృదంగం 'వాద్య సహకారం అందించారు,' అదేదో పాల సహకార సంఘం అయినట్టు. ఢిల్లీలో సుబ్బుడు అనే విమర్శకుడు ఉండేవాడు, ఆయన కలానికి పెద్ద పెద్ద విద్వాంసులే జంకేవాళ్లని చెప్తారు. మనకు ఆ వీలు లేదు. హాల్లో నలభై మంది ఉంటే పాతిక మంది గాయని శిష్యులు, పది మంది బంధువులు, మిగతావాళ్లలో మా ఇంటి ఓనరు. నేను ఎవర్ని తిట్టేది?

రాగం పేరు ఎవరినైనా అడిగి రాసుకోండి. కల్యాణికీ శంకరాభరణానికీ మధ్య తేడా ఒక్క మధ్యమమే, అంటే 'మ' స్వరమే, చెవికి అంత చిన్న వస్తువు దొరక్కపోతే తప్పు మనది కాదు. తాళానికి మాత్రం నాకొక చిట్కా ఉంది. ఆదితాళానికి ఎనిమిది లెక్కపెట్టే ఓపిక లేనప్పుడు 'మిశ్రచాపు' అని రాస్తాను. ఏడు అక్షరాల తాళం, వినడానికి పాండిత్యంగా ఉంటుంది.

ఒక్కసారి దెబ్బతిన్న మాట నిజం. ఒక అన్నమయ్య కీర్తన గురించి 'పదిహేనో శతాబ్దంలో ఆ మహానుభావుడు కట్టిన బాణీ నేటికీ చెక్కుచెదరలేదు' అని రాశాను. పొద్దున్నే సంగీతం చెప్పే ఒకావిడ ఫోన్ చేశారు.

"రాగిరేకుల మీద సాహిత్యం ఉండాది, రాగం పేరు ఉండాది. బాణీ యాడుంది నాయనా? నువ్వు నిన్న విన్న బాణీ బాలకృష్ణప్రసాద్ గారిది."

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు వందల సంకీర్తనలకు బాణీలు కట్టి, ఈ ఊళ్లోనే ఉండి, 2025 మార్చిలో కన్నుమూశారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన కచేరీలకు వెళ్లి, చివరి వరుసలో కూర్చుని, ప్రసాదం టైముకు లేచి వచ్చినవాణ్ణి నేను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

మొన్నామధ్య ఒక కచేరీలో తని ఆవర్తనం మొదలైంది. సగం హాలు కాఫీకి లేచింది. వేదిక మీద యథాప్రకారం ఊదా. విసుగొచ్చి కెమెరా వెనక్కి తిప్పాను. రెండో వరుసలో ఒక పెద్దాయన ఉంటారు, ఏ కచేరీకి పోయినా ఉంటారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. కళ్లు మూసుకుని, చెయ్యి తొడ మీద పెట్టుకుని తాళం వేస్తున్నారు. పక్క కిటికీలోంచి ట్యూబ్‌లైటు వెలుగు. ఒక్కటే కొట్టాను. ఎనిమిది నెలల్లో నేను తీసిన మంచి ఫొటో అదే. ఆ రాత్రే దాన్ని సమీక్షతో కలిపి అందరికీ పంపాను. 'మిశ్రచాపులో సాగిన తని ఆవర్తనం రక్తి కట్టింది' అన్నది అందులో నాకు బాగా నచ్చిన వాక్యం.

ప్రింటు వేయించి ఆయనకు ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. తన ముఖం కాదు, చెయ్యి.

"ఇది తనిలో తీసిందేనా?"

"అవునండీ."

"చిటికెన వేలు అయిపోయింది. ఉంగరపు వేలు పడుతుండాది. అంటే మూడో అక్షరం."

తల ఊపాను.

"మిశ్రచాపుకు వేళ్లు ఎంచరు నాయనా, దెబ్బలే. ఇది ఆదితాళం." ఇంకాసేపు చూసి, "రాసిందీ నువ్వే, తీసిందీ నువ్వేనా?" అన్నారు.

నేనేనన్నాను.

ఆయన ఫొటోను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నారు. "ఫొటో మాత్రం బాగుండాది. వేలు స్పష్టంగా పడింది."