బేరమాడని మహానుభావుడు

సైబర్ నేరాలను అరికట్టడానికి కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఎన్నో విభాగాలు పెట్టారు గానీ, బేరాల శాఖ ఒక్కటి మాత్రం పెట్టలేదు. ఈ లోటు దేశానికి ఎంత చేటో, మా పాత బీరువాను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన రోజున నాకు తెలిసొచ్చింది.

మా పెళ్లినాటి బీరువా అది. రెండు తలుపులు, అద్దం పగల్లేదు, అడుగున కాస్త తుప్పు. 6,500 అని పెట్టాను. ఐదు వేలొస్తే దేవుడికి కొబ్బరికాయ కొడదామని మనసులో మాట. నాలుగు నిమిషాల్లో ఫోన్. హిందీలో ఎంతో మర్యాద. తను ఆర్మీలో ఉన్నానని, సికింద్రాబాద్‌కి బదిలీ అయిందని, బీరువా నచ్చిందని, డబ్బు ఇప్పుడే పంపిస్తానని! ప్రొఫైల్ ఫోటోలో యూనిఫాం, మీసం, వెనక జెండా. అడక్కుండానే ఐడీ కార్డు ఫోటో కూడా పంపాడు. నిజం సైనికుడికి సరిహద్దు చూసుకోవడంతోనే సరిపోతుంది. దేశంలోని పాత కూలర్లు, సోఫాలు, బీరువాలు అన్నీ కొనుక్కునే తీరిక ఎక్కడిదో నాకా క్షణాన తోచలేదు. 6,500 అన్న అంకె దగ్గరే మెదడు ఆగిపోయింది.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది.

"రెండో తాళం చెవి ఉందా అన్నాడా?"

"అనలేదు."

"తుప్పు సంగతి?"

"అడగలేదు."

"కనీసం ఎంత తగ్గిస్తావన్నాడా?"

"లేదమ్మా."

"అయితే వాడికి బీరువా అక్కర్లేదురా."

ప్రతి సైబర్ ఠాణాలోనూ ఇలాంటి అమ్మనొకరిని గౌరవ సలహాదారుగా, ఒక కుర్చీ, ఒక చిక్కుడుకాయల పళ్లెంతో సహా నియమించాలని ఈ సందర్భంగా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఈలోగా నమ్మకం కుదరడానికని అతను ఒక్క రూపాయి పంపాడు. నిజంగానే పడింది. వెనకే క్యూఆర్ కోడ్ వచ్చింది. "స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, 6,500 మీ ఖాతాలో పడుతుంది." యూపీఐ 2016లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చదువుకున్నవాళ్లు పడిపోయేది ఇక్కడే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. హుండీలో కానుక వేసేవాడు దేవుణ్ణి తాళంచెవి అడగడు కదా! ఆ కోడ్‌లో ఉండేది డబ్బు ఎవరికి పోవాలి, ఎంత పోవాలి అన్న వివరమే. పక్కన చిన్న నోట్ రాసుకునే చోటు ఉంటుంది. అందులో 'మీకు 6,500 వస్తోంది' అని ఎవరైనా రాసుకోవచ్చు. వ్యక్తులు ఒకరికొకరు 'డబ్బు పంపు' అని పెట్టుకునే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది. క్యూఆర్ పంపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

'పొరపాటున 65,000 పంపేశాను, మిగతాది తిరిగి పంపండి' అనేవాళ్లది ఇంకో సంప్రదాయం. సాక్ష్యంగా బ్యాంకు పేరుతో మెసేజ్ వస్తుంది, కాకపోతే పది అంకెల మొబైల్ నంబర్ నుంచి. స్క్రీన్‌షాట్ పంపేవాళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది, పెళ్లి భోజనం ఫోటో చూపించి కడుపు నిండిందా అన్నట్టే. కిరాణా కొట్లలో ఆ స్పీకర్ డబ్బా పొద్దస్తమానం అరుస్తున్నది ఈ పుణ్యాత్ముల వల్లే.

అప్పటికే పిన్ కొట్టేసినవాళ్లు మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మరో ఖాతాకి జారిపోకముందే ఆపించే అవకాశం ఉంటుంది. సిగ్గు తర్వాత పడొచ్చు, దానికి గడువేమీ లేదు.

ఆదివారం నాచారం నుంచి ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. తలుపులు ఆరుసార్లు తీసి వేసింది. వెనకవైపు వేళ్లతో కొట్టి చప్పుడు వింది. అడుగున చెయ్యి పెట్టి, అంటిన తుప్పును నా కళ్ల ముందే ఆడించింది. "కలరా ఉండల వాసన కూడా పోయేట్టు లేదన్నా" అని నిట్టూర్చి, మూడు వేలంది. గంటసేపు జరిగిన చర్చల తర్వాత 4,200కి ఒప్పందం కుదిరింది, ట్రాలీ ఆటో కిరాయి నాదే. అమ్మకు ఎంత ముచ్చటేసిందంటే లోపలికెళ్లి టీ పెట్టింది.

ఆవిడ ఫోన్లో పచ్చ టిక్కు చూపించింది. "ఒక్క నిమిషమమ్మా" అని నా ఖాతా తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాను.

"నమ్మకం లేదా అన్నా?"

"నీమీద ఉందమ్మా, టిక్కు మీదే లేదు."

మర్నాడు పొద్దున్నే ఫోన్. లాకర్‌కి రెండో తాళం చెవి లేదట. చేయించడానికి నూట యాభై అవుతుందట. దిలాసాగా వంద పంపాను. ఈసారి పిన్ కొట్టే పంపాను.

"ఇంకో యాభై అన్నా" అంటోంది.