నరంలేని నాలుకకు తీర్పు చెప్పే హక్కా?

పోయిన ఆదివారం మా బావమరిది వచ్చాడు. కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "బావుంది బావా" అన్నాడు.

అంతే. 15 గ్రాముల గింజలు, 240 గ్రాముల నీళ్లు, 93 డిగ్రీల వేడి, 3 నిమిషాల 10 సెకన్ల సమయం. ఇంత లెక్కతో చేసినదాన్ని మూడక్షరాలతో తేల్చేశాడు. అసలు 'బావుంది' అన్నది ఒక కొలతా? ఎంత బావుంది? నిన్నటికంటే ఎంత శాతం ఎక్కువ? దేంతో కొలిచావయ్యా అని అడిగితే నాలుక బయటపెట్టి చూపించాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బావమరిది మాట వల్ల కాదు. వాడితోపాటు సాయంత్రం ఆరింటికి నేనూ ఒక కప్పు తాగాను, ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆ మెలకువను వృథా చేయకుండా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇళ్లలో మంచి కాఫీకి అడ్డుపడుతున్నది గింజా కాదు, నీళ్లూ కాదు. నాలుక. కాఫీ వ్యవహారాల్లో దానికున్న ఓటు హక్కును తక్షణం రద్దు చేయాలి.

ఇది కోపంలో అంటున్న మాట కాదు. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుందని పెద్దలు ఊరికే అనలేదు. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో కొందరికి తెల్ల మగ్గులో, నీలం మగ్గులో, గాజు మగ్గులో కాఫీ ఇచ్చి రుచి అడిగారు. తెల్ల మగ్గులో తాగినవాళ్లకు కాఫీ ఘాటుగా, తీపి తక్కువగా అనిపించింది. మగ్గు రంగు మారిస్తే మాట మార్చే సాక్షిని ఏ కోర్టయినా రెండోసారి బోను ఎక్కనిస్తుందా? మనం మాత్రం రోజూ పొద్దున్నే దాన్నే జడ్జి కుర్చీలో కూర్చోబెడుతున్నాం.

నాలుక చేసే మొదటి ద్రోహం గింజల దగ్గరే మొదలవుతుంది. "స్ట్రాంగ్‌గా కావాలి" అంటుంది. స్ట్రాంగ్ అంటే ఏమిటని అడగండి, చెప్పలేదు. నల్లగా మాడేదాకా వేయించిన గింజ చేదుగా ఉంటుంది కాబట్టి అందులో కెఫీన్ దండిగా ఉందనుకుంటుంది. కెఫీన్‌కీ ఆ నలుపుకీ పెద్ద సంబంధం లేదు. కెఫీన్ ఎక్కువ కావాలంటే చూడాల్సింది గింజ జాతి. రొబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. చెట్టుకు అది పురుగుల మందులాంటిది, మనల్ని లేపడానికి అది తయారు చేసుకున్నది కాదు. సువాసన, సున్నితమైన పులుపు కావాలంటే అరబికా. కాస్త మొరటుతనం, ఒళ్లు విరిచి లేపే గుణం కావాలంటే రొబస్టా. ఇంతకుమించి ఈ రెంటి మధ్య తగువు పెట్టడం నాకిష్టం లేదు. ఇప్పటికే మా ఇంట్లో ఉన్న తగువులు చాలు.

ప్యాకెట్ కొనేటప్పుడు చాలామంది గడువు తేదీ చూస్తారు. జాతకం రాయాలంటే పుట్టిన తేదీ కావాలి గానీ పోయే తేదీ ఎందుకు? చూడాల్సింది గింజలు వేయించిన తేదీ. అది వేయనే లేదంటే, ఆ ప్యాకెట్ తన వయసు దాస్తోందని అర్థం. వేయించిన మర్నాడే వాడినా ఇబ్బందే. గింజల్లో చేరిన బొగ్గుపులుసు వాయువు కొన్ని రోజులపాటు బయటికి వస్తూనే ఉంటుంది, ప్యాకెట్ మీద ఆ గుండ్రటి చిన్న వాల్వ్ పెట్టేది అందుకే. ఓ వారం ఆగి మొదలుపెట్టి, నెల తిరిగేలోపు ముగించడం నా పద్ధతి. ఆ వాల్వ్ నొక్కి వాసన చూసే అలవాటు నాకూ ఉంది. ముక్కు మీద నాకు కోపం లేదు. నా గొడవంతా నాలుకతోనే.

ఇక ప్యాకెట్ మీద మల్లెపూలు, బ్లూబెర్రీ, కోకో అని రాస్తారు. అవేవీ లోపల కలపరు. ఆ గింజలోనే ఆ ఛాయలు ఉన్నాయని రుచి చూసినవాళ్ల అభిప్రాయం. ఈ మాటలన్నీ ఒక చక్రంలో అమర్చి పెట్టారు. 1995లో వచ్చిన ఆ చక్రాన్ని 2016లో సవరించారు కూడా. దాన్ని ప్రింట్ తీసి వంటింట్లో అంటించాను. మా ఆవిడ అది క్యాలెండర్ అనుకుని పాలవాడి లెక్క రాసింది. బ్లూబెర్రీ మీద ఇప్పుడు "రెండు ప్యాకెట్లు" అని ఉంది.

గ్రైండర్ దగ్గర కాసేపు ఆగాలి. డబ్బంతా మెషీన్ మీద పోసి గ్రైండర్ దగ్గర పిసినారితనం చూపించేవాళ్లని నేను దూరంగా ఉంచుతాను. బ్లేడు తిరిగే మిక్సీలో గింజ నలగదు, పగులుతుంది. సగం దుమ్ము అవుతుంది, సగం బెడ్డలుగా మిగులుతుంది. నీళ్లు పోస్తే దుమ్ములోంచి చేదు దాకా మొత్తం దిగిపోతుంది, బెడ్డల్లోంచి పులుపు తప్ప ఏమీ దిగదు. రెండూ ఒకే కప్పులో చేరి కొట్టుకుంటాయి. పళ్లున్న రెండు చక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్ అయితే పొడి ఒక సైజులో వస్తుంది. చేత్తో తిప్పేది చాలు. పొద్దున్నే వ్యాయామం కూడా, అయితే ఒక్క చేతికే.

మరి నలిపేటప్పుడు పొడి ఎగిరి డబ్బాకీ, వేళ్లకీ, చొక్కాకీ అంటుకుంటుంది. కారణం స్థిరవిద్యుత్తు. దీని మీద 2023లో వచ్చిన పరిశోధనలో ఎవరు పాల్గొన్నారో తెలుసా? అగ్నిపర్వతాల బూడిదలో విద్యుత్తు ఎలా పుడుతుందో చదివేవాళ్లు. నలిపే ముందు గింజల మీద కాస్త నీళ్లు చిలకరిస్తే ఆ విద్యుత్తు తగ్గుతుందని తేల్చారు. స్పూను కాడను నీళ్లలో ముంచి, ఆ తడితో గింజల్ని ఒక్కసారి కలిపితే చాలు. నేను ఆ పని చేస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమండీ, సంప్రోక్షణ అయిందా? స్టవ్ వెలిగించనా?"

అగ్నిపర్వతాల సంగతి చెప్పాను. లోపలికి వెళ్లిపోయింది.

కప్పులో ఉండేది 98 శాతం పైగా నీళ్లే. అయినా నీళ్లని ఎవరూ పట్టించుకోరు, పెళ్లిలో పందిరి వేసినవాడిలాగా. నీళ్లలో కాస్త మెగ్నీషియం, కాల్షియం ఉంటేనే గింజలోని రుచి బాగా దిగుతుంది. స్వచ్ఛత పిచ్చితో డిస్టిల్డ్ వాటర్ పోస్తే కాఫీ చప్పగా తయారవుతుంది. మరీ ఉప్పునీళ్లయితే పులుపంతా చచ్చిపోయి సున్నం తాగినట్టుంటుంది. వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే మేలు. తక్కువగా వేయించిన గింజలకు కాస్త ఎక్కువ వేడి, నల్లగా వేయించినవాటికి కాస్త తక్కువ.

ఇప్పుడు అసలు ఘట్టం. పేపర్ ఫిల్టర్ తడిపి, పొడి పోసి, సమంగా సర్ది, ముందుగా 30 గ్రాముల నీళ్లు మాత్రమే పోస్తాను. అంటే పొడికి రెట్టింపు. పోసి ఆగుతాను. పొడి ఊపిరి పీల్చినట్టు మెల్లగా పొంగుతుంది. మధ్యలో ఒక బుడగ లేస్తుంది, దాని పక్కన ఇంకోటి, అంచుల దగ్గర నురుగు సన్నగా విచ్చుకుంటుంది. లోపల దాక్కున్న వాయువు పోతోందన్నమాట. గింజలు పాతవైతే ఈ పొంగు ఉండదు, బురద మీద నీళ్లు పోసినట్టు పడి ఉంటుంది. ఆ నలభై సెకన్లు మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని నియమం పెట్టాను. పాటించేది నేనొక్కణ్ణే.

ఈ కాగితం కథ చెప్పకుండా ముందుకు పోతే పాపం. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి, ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు స్కూలు నోట్‌బుక్‌లోని బ్లాటింగ్ పేపరు చింపి అందులో పరిచింది. అప్పటిదాకా కాఫీ అంటే అడుగున మడ్డి, నోట్లో చేదు. ఆ ఏడాదే పేటెంట్ కూడా తీసుకుంది. మహాతల్లి. కాకపోతే ఆవిడ ఈ పని మొదలుపెట్టింది కాఫీ చేదుగా ఉందని, అంటే నాలుక మాట విని. నా సిద్ధాంతానికి ఇది కొంచెం ఇబ్బంది. దీన్ని మినహాయింపు కింద రాసుకున్నాను.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాచను. గింజలో నీళ్లకు కరిగేది మహా అయితే 30 శాతం. అందులోనూ గింజ బరువులో 18 నుంచి 22 శాతం దిగితే మంచి కాఫీ అని శాస్త్రం. తక్కువ దిగితే పులుపు, ఎక్కువ దిగితే చేదు, నోరు ఎండిపోయినట్టు ఉండటం. పుల్లగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా పట్టాలి, చేదుగా ఉంటే ఇంకాస్త బరకగా పట్టాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడి సైజూ, వేడీ, నీళ్లూ మూడూ కలిపి మారిస్తే దొంగ ఎవరో దొరకడు. సరే, పుల్లగా ఉందో చేదుగా ఉందో చెప్పేదెవరు? ఇక్కడే నాలుకను మళ్లీ పిలవాల్సి వస్తోంది. అందుకని దానికి వేగు ఉద్యోగం ఇచ్చాను. సమాచారం ఇవ్వొచ్చు. తీర్పు చెప్పకూడదు.

వేగులంటే గుర్తొచ్చింది. 1781లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కాఫీ గింజలు వేయించే హక్కును తన గుప్పిట్లో పెట్టుకుని, దొంగచాటుగా వేయించేవాళ్లని పట్టుకోవడానికి మాజీ సైనికుల్ని పెట్టాడు. వాళ్ల పని వీధుల్లో తిరుగుతూ వాసన పట్టడం. చరిత్రలో ముక్కుకు సర్కారీ కొలువు దొరికింది గానీ నాలుకను ఆయన కూడా నమ్మలేదు, గమనించారా?

రుచి చూసే వృత్తి నిపుణులు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. స్పూనుతో సర్రున పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేస్తారు. వందకు 80 మార్కులో, ఆపైనో వస్తే స్పెషాలిటీ కాఫీ అని పేరు పెడతారు. ఈ విద్యలో ఆరితేరినవాళ్లే మింగడం లేదంటే, కాఫీ ఉన్నది తాగడానికి కాదు, కొలవడానికే అని నేనంటే ఆ మాటకు ఇంతకంటే బలం ఏం కావాలి?

మిగతా పరికరాల గురించి ఎక్కువ చెప్పను. ఫ్రెంచ్ ప్రెస్ అంటే బరక పొడి, నాలుగు నిమిషాలు, నొక్కు, వంచు. బద్ధకస్తుడికి దేవుడిచ్చిన వరం. 1933 నాటి మోకా పాట్ మంట ఎక్కువైతే అలుగుతుంది. ఇంట్లో ఎస్ప్రెస్సో అంటే 9 బార్ల ఒత్తిడి, పాతిక ముప్పై సెకన్లు, సన్నని సూదులతో పొడిని కలియబెట్టడం, ఆపైన ఏడుపు. ఆ దారిలో వెళ్లిన ఒక స్నేహితుడు ఇప్పుడు మాతో కలవడం లేదు. పాలు, పంచదార గురించి అడగొద్దు, ఆ విషయంలో ఇంట్లో ఒప్పందం ఉంది.

అన్నట్టు కాఫీని పొగలు కక్కుతుండగా తాగకూడదు. కొంచెం చల్లారితేనే తీపి, పులుపు విడివిడిగా తెలుస్తాయి. నేను థర్మామీటర్ పెట్టి 60 డిగ్రీలకు దిగేదాకా కాపలా కాస్తాను. ఈలోపు ఎవరో ఒకరు దాన్ని చల్లారిపోయిందనుకుని మైక్రోవేవ్‌లో పెడతారు. ఎవరో పేరు రాయను, ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

బుధవారం పొద్దున ఒక సంఘటన జరిగింది. నీళ్లు 140 గ్రాముల దగ్గర ఉండగా తూకం వేసే స్కేలు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. బ్యాటరీ. టైమర్ కూడా అందులోనే. కెటిల్ చేతిలో ఉంది, పొడి మీద నీళ్లు ఇంకిపోతున్నాయి, ఆగడానికి లేదు. కళ్లు మూసుకున్నంత పనిచేసి, చేతికి తోచినంత పోశాను. ఎంతసేపు పోశానో, ఎంత పోశానో ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ రోజూ నిలబడే తాగేస్తుంది. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చుంది. కప్పు ఖాళీ చేసి, అడుగు చూసి, "ఇవాళ ఏం చేశారండీ? ఇంకొంచెం ఉందా?" అంది.

ఉంది, నా కప్పులో. అందులోంచి సగం పోసిచ్చాను. అలాంటిదే రేపూ చేయమంది. ఎలా చేస్తాను? ఏం చేశానో లెక్క లేదు కదా. నేను మిగతా సగం ముట్టుకోలేదు, రుచి చూస్తే ప్రభావితం అవుతానని. కాఫీ లెక్కలు రాసుకునే పుస్తకం తీసి, ఆ తేదీకి ఎదురుగా "సాక్ష్యం చెల్లదు" అని రాసి, కొత్త బ్యాటరీలు తేవడానికి చెప్పులేసుకున్నాను.